జనాజా ఎదుట లేచి నిలబడిన ఇద్దరు సహాబీలు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆదమును మట్టితో సృజించి, ఆయన సంతతికి గౌరవం ప్రసాదించినవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతి శుభాలు కలుగుగాక!



ఇరాక్ దేశంలో, కూఫా పట్టణానికి నైరుతి దిశలో, ఎడారి అంచున ఖాదిసియా అనే ప్రదేశం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో, క్రీస్తు శకం 636 ప్రాంతంలో, సాసానీ సామ్రాజ్య సైన్యానికీ ముస్లిం సైన్యానికీ నడుమ నిర్ణయాత్మకమైన యుద్ధం జరిగింది అక్కడే. ముస్లిం సేనకు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) నాయకులు. ఎదుటి సేనాని రుస్తుం. ఆ యుద్ధాన్ని గురించి, అందులో పాల్గొన్న ఏనుగుల దండును గురించి చరిత్రకారులు ఎన్నో పుటలు వ్రాశారు. మనం ఈ శుక్రవారం చెప్పుకోబోయేది ఆ యుద్ధం సంగతి కాదు. అదే ఖాదిసియాలో జరిగిన ఒక చిన్న సంఘటన. ఎంత చిన్నదంటే, మామూలుగా చరిత్రకారుల కంట పడేది కూడా కాదు. అయినా ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లిం ఇద్దరూ తమ సహీహ్ గ్రంథాలలో, జనాజాల అధ్యాయంలో దానికి చోటిచ్చారు.

హజ్రత్ సహల్ బిన్ హునైఫ్ (రజి), హజ్రత్ ఖైస్ బిన్ సఅద్ (రజి) ఒకనాడు అక్కడ కూర్చొని ఉన్నారు. కొందరు ఒక శవాన్ని మోసుకొంటూ వారి ముందు నుండి సాగిపోయారు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. చుట్టూ ఉన్నవారికి ఆశ్చర్యం వేసింది. వారికి తెలియక లేచారేమో అనుకున్నారు కాబోలు, ఆ చనిపోయిన వ్యక్తి ముస్లిం కాడని, ఈ నేలవాళ్ళలో ఒకడని, అంటే జిమ్మీ అని విన్నవించారు. ఆ మాటకు వారిద్దరూ మదీనాలో తాము ఎరిగిన ఒక సంగతి చెప్పారు. దైవప్రవక్త (స) ముందు నుండి ఒకసారి ఒక జనాజా వెళ్ళింది. ఆయన లేచి నిలబడ్డారు. అది ఒక యూదుని శవమని ఎవరో అన్నారు. అతడు మాత్రం ఒక ప్రాణం కాడా అని ఆయన తిరిగి ప్రశ్నించారు.

సంఘటన అంతే. చనిపోయిన ఆ యూదుని పేరేమిటో ఏ గ్రంథమూ చెప్పదు. ఖాదిసియాలో చనిపోయినవాని పేరూ చెప్పదు. పేరు, వంశం, ధనం, విశ్వాసం ఇవేవీ లేచి నిలబడటానికి కారణాలు కావు గనుక వాటి అవసరమూ ఉల్లేఖకులకు కలగలేదు.

లేచి నిలబడిన ఇద్దరూ ఎవరో మాత్రం మనం తెలుసుకోవాలి. సహల్ (రజి) మదీనాలోని ఔస్ తెగవారు. బద్ర్‌లో పాల్గొన్నవారు. ఉహుద్ రోజున సైన్యం చెదిరిపోయినప్పుడు దైవప్రవక్త (స) దగ్గర నిలిచిన కొద్దిమందిలో ఒకరు. ఖైస్ (రజి) ఖజ్రజ్ తెగ నాయకుడు సఅద్ బిన్ ఉబాదా (రజి) కుమారులు. ఆజానుబాహువు, గొప్ప దాత. తరువాతి రోజులలో హజ్రత్ అలీ (రజి) ఆయనను ఈజిప్టుకు గవర్నరుగా పంపారు. ఔస్, ఖజ్రజ్ తెగలు హిజ్రత్‌కు కొద్ది ఏళ్ళ ముందు బుఆస్ యుద్ధంలో ఒకరి నాయకులను మరొకరు నరుక్కున్న తెగలు. ఒకరి ఇంట ఏడుపు వినబడితే రెండవవారికి ఊరట కలిగేంత పగ వారిది. అటువంటి రెండు తెగల బిడ్డలు పక్కపక్కన కూర్చొని, తమకు ఏమీ కాని ఒక పరాయివాని శవాన్ని చూసి ఒక్కసారిగా లేచారు. ఇది మదీనాలో వారు పొందిన శిక్షణ.

ఇప్పుడు ఆ ప్రశ్నలోని పదాన్ని గమనిద్దాం. దైవప్రవక్త (స) వాడిన అరబీ పదం 'నఫ్స్'. ప్రాణం, ఆత్మ, మనిషి అనే అర్థాలు అందులో ఉన్నాయి. దివ్య ఖుర్ఆన్ నిసా సూరా మొదటి ఆయతులో మానవులందరినీ పుట్టించిన ఆ ఒకే మూలానికి కూడా ఇదే పదం వాడింది. మాయిదా సూరా 32వ ఆయతులో, అన్యాయంగా ఒక్కరిని చంపడం యావత్తు మానవాళిని చంపినట్లే అని, ఒక్కరిని బ్రతికించడం అందరినీ బ్రతికించినట్లే అని తెలిపిన చోట కూడా ఇదే పదం. ఆ ఆయతు మన ఖతీబుల నోట తరచుగా వినబడుతుంది. దానికి ముందున్న ఆయతు అంతగా వినబడదు. మనకు ఈ రోజు కావలసింది అదే.

ఆదం (అలై) కుమారులలో ఒకడు తన సోదరుని చంపాడు. భూమి మీద తొలి హత్య అది. చంపడం వచ్చింది గాని, ఆ తరువాత ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. అంతకు ముందు మనిషి శవాన్ని ఎవరూ చూసి ఉండలేదు. అప్పుడు అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను గీరుతూ, శవాన్ని మట్టిలో ఎలా దాచాలో అతనికి చూపింది. ఈ పక్షిపాటి కూడా కాలేకపోయానే అని అతడు పశ్చాత్తాపపడ్డాడు. ఒక్క ప్రాణం విలువ యావత్తు మానవాళి విలువకు సమానమన్న శాసనం వెనువెంటనే వస్తుంది, ఈ కారణం చేతనే అన్న మాటతో మొదలై. తొలి హత్య, తొలి ఖననం, మనిషి ప్రాణానికి తొలి వెల ఈ మూడూ ఒకే చోట ఉన్నాయి. అబస సూరా 21వ ఆయతు కూడా మనిషి మీద అల్లాహ్ చేసిన మేళ్ళను చెబుతూ, చావునిచ్చి సమాధి భాగ్యం కలిగించడాన్ని వాటి వరుసలో చేర్చింది. మృగం చస్తే ఎక్కడ పడితే అక్కడ పడి ఉంటుంది. మనిషి అలా పడి ఉండరాదు.

ఈ దృష్టితో ఇస్రా సూరా 70వ ఆయతును చదవాలి. ఆదం సంతతికి గౌరవం ప్రసాదించామని అల్లాహ్ అందులో ప్రకటించాడు. విశ్వాసులకు అనలేదు, అరబ్బులకు అనలేదు, ఆదం సంతతికి అన్నాడు. 1854లో మరణించిన బాగ్దాద్ పండితుడు ఆలూసీ తన ఖుర్ఆన్ వ్యాఖ్యానం రూహుల్ మఆనీలో ఆ గౌరవం సజ్జనులకూ దుర్జనులకూ అందరికీ చెందుతుందని వివరించారు. మరి హుజురాత్ సూరా 13వ ఆయతు, అల్లాహ్ దగ్గర ఎక్కువ గౌరవనీయుడు ఎక్కువ దైవభీతి గలవాడేనని అంటుంది కదా అని మీరు అడగవచ్చు. రెండింటికీ వైరుధ్యం లేదు. మొదటిది పుట్టుకతో ఇవ్వబడిన గౌరవం, దాన్ని మనమంతా చూడగలం, చూడవలసి ఉంది. రెండవది సంపాదించుకొనే గౌరవం, దాని కొలమానం అల్లాహ్ చేతిలో ఉంది. చిక్కంతా ఎక్కడ వస్తున్నదంటే, ఆయన చేతిలోని కొలమానాన్ని మనం చేతికి తీసుకొని, మన కళ్ళకు కనబడే మొదటి గౌరవాన్ని కొలవబోతున్నాం.

అజ్ఞానకాలపు అరబ్బులు చేసినదీ అదే. వారికి మనిషి అంటే తన తెగవాడు. తెగ లేనివాడు, బానిస, ఆడబిడ్డ లెక్కలోకి వచ్చేవారు కారు. కొన్ని తెగలలో ఆడశిశువును సజీవంగా మట్టిలో పూడ్చేవారు. కాకి నేర్పిన విద్యను తలక్రిందులు చేయడమది. మట్టి చనిపోయినవారి మర్యాద కాపాడటానికి ఇవ్వబడింది, దానితో వారు ప్రాణం ఉన్న బిడ్డ నోరు మూశారు. ఏ నేరానికి చంపబడ్డావని ఆ బిడ్డనే ప్రళయదినాన అడగడం జరుగుతుందని తక్వీర్ సూరా చెబుతున్నది. చంపినవాని వాదనకంటే ముందు ఆ పసిదాని మాట వినబడుతుంది. ఆమెకు పేరు కూడా పెట్టి ఉండరు.

దైవప్రవక్త (స) జీవితంలో ఈ విషయం ఎన్ని సందర్భాలలో కనబడుతుందో చూడండి. పెదతండ్రి అబూతాలిబ్ ఇస్లాం స్వీకరించకుండానే మరణించారు. ఆ వార్త తెచ్చిన హజ్రత్ అలీ (రజి) మాటలో ఆ నొప్పి ఉంది. అయినా వెళ్ళి నీ తండ్రిని ఖననం చేయమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. ముస్లిమేతర బంధువు మరణిస్తే ముస్లిం బంధువు స్నానం చేయించి, బట్ట చుట్టి, ఖననం చేయవచ్చునని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు వ్రాసింది ఈ సంఘటన ఆధారంగానే. ఉహుద్‌లో హజ్రత్ హంజా (రజి) దేహాన్ని శత్రువులు ఛిద్రం చేశారు. అయినప్పటికీ దైవప్రవక్త (స) తన సేనానులను పంపేటప్పుడు శత్రువుల శవాలను వికృతం చేయరాదని ఆజ్ఞాపించేవారు. కందక యుద్ధంలో నౌఫల్ బిన్ అబ్దుల్లాహ్ అనే మక్కా యోధుడు కందకంలో పడి చచ్చాడు. శవం కోసం ఖురైషులు సొమ్ము ఇవ్వజూపారు. ఆ సొమ్ము మనకు అవసరం లేదని శవాన్ని ఉచితంగా అప్పగించారని సీరా గ్రంథాలు చెబుతున్నాయి. దారిలో మనిషి శవం కనబడితే, ముస్లిమా కాదా అని అడగకుండా ఖననం చేయించేవారని హజ్రత్ యఅలా బిన్ ముర్రా (రజి) ఉల్లేఖనం.

చనిపోయినవారి గురించే ఎందుకింతగా అని అనిపించవచ్చు. బ్రతికి ఉన్నవాణ్ణి గౌరవిస్తే రేపు వానివల్ల ఏదో ఒక ప్రయోజనం ఉంటుంది. కనీసం తిరిగి సలాం చెబుతాడు. శవం సలాం చెప్పదు. అక్కడ మనం మనిషిని మనిషిగా మాత్రమే చూస్తున్నామా లేదా అన్నది బయటపడిపోతుంది. అందుకే పరాయివారి సంగతిని అక్కడ ఆపి, మన మస్జిదు లోపలికి రావాలి.

మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఉమ్మె మిహ్జన్ అని కొన్ని ఉల్లేఖనాలు ఆమెను పేర్కొన్నాయి. కొన్నాళ్ళుగా ఆమె కనబడకపోవడంతో దైవప్రవక్త (స) అడిగారు. చనిపోయిందని చెప్పారు. నాకెందుకు తెలియజేయలేదని ఆయన అన్నారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఇక్కడ ఒక మాట చేర్చారు: జనం ఆమె విషయాన్ని చిన్నదిగా తలచినట్లున్నారని. ఈ మాటను మనం నిదానంగా చదవాలి. వారు చెడ్డవారు కారు. ఆమెకు జనాజా నమాజు చేశారు, ఖననం చేశారు. రాత్రివేళ దైవప్రవక్తను (స) నిద్ర లేపడం ఇష్టం లేక చెప్పలేదని ఇలాంటి ఒక పేదరాలి విషయంలో వచ్చిన మరో ఉల్లేఖనంలో ఉంది. అంటే మర్యాద కొద్దీ చెప్పలేదు. తెగ పెద్ద ఎవరైనా మరణించి ఉంటే ఆ మర్యాద అడ్డం వచ్చి ఉండేదా? దైవప్రవక్త (స) వారిని గద్దించలేదు. ఆమె సమాధి ఎక్కడో చూపమన్నారు. నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి నమాజు చేశారు. నేడు మన మస్జిదులలో వుజూ తొట్టి కడిగేవారి పేరు మనలో ఎందరికి తెలుసు?

జులైబీబ్ (రజి) సంగతి కూడా ఇటువంటిదే. ఒక యుద్ధం ముగిశాక, ఎవరెవరు కనబడటం లేదని దైవప్రవక్త (స) అడిగారు. ఫలానా, ఫలానా అని పేరున్నవారిని చెప్పారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ పేర్లు చెప్పారు. మూడవసారి అడిగితే ఇక ఎవరూ లేరన్నారు. నాకు జులైబీబ్ కనబడటం లేదని అప్పుడు ఆయన అన్నారు. వెతికితే, తాను చంపిన ఏడుగురు శత్రువుల పక్కన ఆయన పడి ఉన్నారు. ఇతడు నావాడు, నేను ఇతనివాణ్ణి అని పలికి, దైవప్రవక్త (స) తన చేతుల మీదికి ఎత్తుకున్నారు. సమాధి త్రవ్వేదాకా జులైబీబ్‌కు (రజి) ఆ చేతులే మంచం అయ్యాయని హజ్రత్ అబూబర్జా (రజి) చెప్పారు.

మరొక సంగతి, మన తెలుగు ముస్లింలకు నేరుగా తగిలేది. హజ్రత్ అబూజర్ (రజి) ఇస్లాం తొలినాళ్ళలోనే విశ్వసించినవారు. ఆయనంతటివారు ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లిని ఎత్తి దెప్పిపొడిచారు. ఆ తల్లి అరబ్బు స్త్రీ కాదు, పరభాషీయురాలు. విషయం దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళింది. నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం ఉన్నదని ఆయన అబూజర్‌తో (రజి) అన్నారు. ఈ వయసులో కూడానా అని అబూజర్ (రజి) విస్తుపోయారు. అవును అన్నారు. మీ చేతి క్రింద ఉన్నవారు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు తొడిగేదే వారికి తొడిగించండి, మోయలేని పని చెప్పకండి, చెబితే తోడుపట్టండి అని బోధించారు. ఏళ్ళు గడిచాయి. రబజాలో అబూజర్‌ను (రజి) చూసిన మఅరూర్ బిన్ సువైద్ ఆశ్చర్యపోయారు. ఆయన పైనా, ఆయన బానిస పైనా ఒకే రకం వస్త్రం. రెండూ మీరే వేసుకుంటే మంచి జోడు అవుతుంది కదా అని ఎవరో అన్నారు. అందుకు సమాధానంగా అబూజర్ (రజి) ఈ పాత సంగతి చెప్పారు. తన తప్పును తానే చెప్పుకున్నారు. ఆయన చెప్పకపోతే మనకు తెలిసేదే కాదు.

తల్లి భాషను బట్టి మనిషిని దెప్పడం రబజాతో పోలేదు. ఉర్దూ రాని ముస్లిం, ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే దూదేకుల సోదరుడు, నూర్‌బాషా సోదరుడు మన వరుసలలో భుజం భుజం కలిపి నిలబడతాడు. సలాం చెప్పి లేచాక, సంబంధం మాట వచ్చేసరికి, కమిటీ ఎన్నిక వచ్చేసరికి ఆ భుజం దూరమవుతుంది. వారి నమాజును, దీన్‌ను ఆటపట్టించే మాటలు మనం విన్నాం, కొన్నిసార్లు నవ్వి ఊరుకున్నాం కూడా. ఉర్దూలో మనిషిని ఆద్మీ అంటారు, ఆదం నుండి వచ్చిన మాట అది. ఆ మాట పలికే నోటితోనే ఆదం బిడ్డను తక్కువ చేస్తున్నాం.

కరోనా రోజులను తలచుకుందాం. 2020లో, 2021లో సొంతవారే దగ్గరికి రాలేని శవాలను మన తెలుగు నేల మీద అనేక ఊళ్ళలో ముస్లిం యువకులు భుజాన మోశారు. హిందూ సోదరుల శవాలను శ్మశానానికి చేర్చి, ఆ కుటుంబాల సంప్రదాయం ప్రకారం చితి వరకు తోడున్నారు. ఆ యువకులలో చాలామంది సహల్ బిన్ హునైఫ్ (రజి) పేరు విని ఉండరు. అదే కాలంలో ఖబ్రస్తానుకు తెచ్చిన ముస్లిం మయ్యిత్‌నే చోటు లేదని త్రిప్పి పంపిన ఉదంతాలు కూడా వార్తలకెక్కాయి. భయం ఉండింది, నిజమే. తెలియనితనమూ ఉండింది. అయినా మూడు పిడికెళ్ళ మట్టి కోసం ఒక ఆదం బిడ్డ గేటు దగ్గర ఎదురుచూడవలసి వచ్చింది. ఆ మట్టి వేసేటప్పుడు మనం చదివే తాహా సూరా 55వ ఆయతు, ఆ మట్టి నుండే మనం పుట్టామని, అందులోకే తిరిగి వెళతామని, అందులో నుండే మరల లేపబడతామని చెబుతుంది. ఆ మాట గేటుకు ఇవతలివారికీ అవతలివారికీ ఒకటే.

ఇక్కడ ఒక ఫిఖహ్ విషయం చెప్పకపోతే లోటు అవుతుంది. జనాజా చూసి లేచి నిలబడటం గురించి పండితులలో భిన్నాభిప్రాయం ఉంది. దైవప్రవక్త (స) మొదట లేచేవారని, తరువాత కూర్చొని ఉండిపోయేవారని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖనం ఉన్నందున, ఆ ఆదేశం రద్దయిందని చాలామంది ఇమాములు భావించారు. లేవడం ఇప్పటికీ అభిలషణీయమేనని ఇమామ్ నవవీ వంటివారు అన్నారు. మీ మస్జిదు ఆలిమ్ ఏది చెబితే అది పాటించండి. కూర్చోవడమా, లేవడమా అన్నది శరీరానికి సంబంధించిన ఆదేశం. అతడు ప్రాణం కాడా అన్నది ఆదేశం కాదు, ఒక వాస్తవం. ఆదేశాలు రద్దు కావచ్చు గాని వాస్తవాలు రద్దు కావు.

ఈ నేలవాళ్ళు అన్న మాట కూడా మరొకసారి వినాలి. సహల్ (రజి) సోదరులు ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) ఇరాక్ సాగుభూమిని కొలిచి పన్ను నిర్ణయించే బాధ్యత వహించినవారు. హిజ్రీ 23లో, హత్యకు గురి కావడానికి కొన్ని రోజుల ముందు, హజ్రత్ ఉమర్ (రజి) ఆయననూ హజ్రత్ హుజైఫాను (రజి) నిలబెట్టి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ నేల మోయలేనంత భారం మోపలేదు కదా అని. లేదని వారన్నారు. మళ్ళీ సరిచూడమన్నారు. తాను బ్రతికి ఉంటే ఇరాక్‌లోని వితంతువులు ఇక ఎవరి ముందూ చేయి చాచవలసిన అవసరం లేకుండా చేస్తానన్నారు. నాలుగు రోజులకే ఆయన కత్తిపోట్లకు గురయ్యారు. ఒక సోదరుడు ఆ నేలవాళ్ళ శవం ముందు లేచి నిలబడ్డారు. ఇంకొక సోదరుడు ఆ నేలవాళ్ళ పొలం ముందు, తప్పు జరగకూడదని భయంతో నిలబడ్డారు. చనిపోయినవాణ్ణి గౌరవించి, బ్రతికినవాని కడుపు కొట్టే గౌరవం వారు నేర్చుకున్నది కాదు.

హిజ్రీ 38లో సహల్ బిన్ హునైఫ్ (రజి) కూఫాలో మరణించారు. హజ్రత్ అలీ (రజి) స్వయంగా ఆయన జనాజా నమాజు చేయించారు. ఇతడు బద్ర్‌లో ఉన్నవాడని అక్కడి జనానికి తెలియజేశారు.